ఒక్క పేజీ ఉత్తరం

పోయినేడు మిరుగం కార్తె వచ్చి వారం దాటినా మా ఊరు రాజురాలో చినుకు పడలేదు. కూలర్‌లో నీళ్లు పోసీ పోసీ అక్క చేతులు పడిపోయాయి. మా బావ ఎల్లేష్ నా ఫోన్‌కు రాళ్ల ఫోటోలు పంపడం ఆ వారంలోనే మొదలైంది.

బావ బోరు మిషన్ ఆపరేటర్. నీళ్ల బోర్లు కాదు. భూమిలోకి మూడు నాలుగు వందల మీటర్లు గొట్టం దింపి, అడుగున ఉన్న రాయిని కడ్డీల్లా కోసి పైకి తీసే పని. ఆ ఏడు వాళ్ల కంపెనీకి ఈశాన్యాన, హిమాలయాల్లో తవ్వుతున్న ఒక రైలు సొరంగం దగ్గర పని దొరికింది. బావ, లక్కడ్‌కోట్ ఊరి మొండయ్య, ఇద్దరూ ఉగాది కాగానే వెళ్లారు. మొండయ్య ఎనిమిదేళ్లుగా బావకు హెల్పర్. బావ లివర్ దగ్గర నిలబడితే మొండయ్య మిషన్ వెనక నిలబడి రాడ్లు కలిపేవాడు. ఒకరిని వదిలి ఒకరు పనికి పోయినట్టు నాకు గుర్తు లేదు. బావ ఊళ్లో లేనన్నాళ్లూ అక్క ఉజ్వల మూడేళ్ల కూతురిని తీసుకొని మా ఇంట్లోనే ఉండేది. ఇంట్లో బాపు, నేను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

నేను చంద్రపూర్‌లో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. పర్మనెంట్ కాదు, గంటల లెక్కన. పీహెచ్‌డీ సీటుకు రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లాను. రెండుసార్లూ ఒకటే అడిగారు, నీ దగ్గర కొత్తగా ఏముంది అని. నా దగ్గర కొత్తగా ఏమీ లేదు.

మొదటి ఫోటోలో రేకు పెట్టె, అందులో వరసగా పేర్చిన రాతి కడ్డీలు. బూడిదరంగు రాయి మధ్యలో ఒక బారెడు మేర నల్లగా, తడిగా, నలిగిపోయి ఉంది. వెనకాలే బావ వాయిస్ మెసేజ్ వచ్చింది. "ప్రణాలీ, గీ నల్లరాయి మామకు సూపెట్టు. ఏమంటడో చెప్పు."

బాపు పేరు భీమయ్య. సాస్తిలో బొగ్గుబాయి లోపల ముప్పై ఒక్క ఏళ్లు పని చేశాడు. అద్దాలు తుడుచుకొని, ఫోన్ ముఖం దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూశాడు.

"మన బొగ్గే బిడ్డా," అన్నాడు. "కని బాగ నలిగింది, పిండి పిండి అయింది. మన బొగ్గు గా కొండలల్లకు ఎట్ల పోయింది?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, కాని తెలుగులో తెలియదు. నా బడి మరాఠీలో సాగింది, పై చదువు ఇంగ్లీషులో. ఇంట్లో మాట్లాడే భాషలో రాళ్ల గురించి చెప్పవలసి రావడం అదే మొదటిసారి. తడుముకుంటూ చెప్పాను. కోట్ల ఏళ్ల కింద ఈ నేల అక్కడక్కడా సాగి చీలింది. చీలినచోట మెట్లు మెట్లుగా కుంగింది. కుంగిన పల్లాల్లో అడవులు మునిగి బొగ్గయ్యాయి. మన సాస్తి, మాజ్రి బొగ్గు అట్లాంటి పల్లంలోదే. ఉత్తరాన కూడా అట్లాంటి పల్లాలు ఉండేవి. ఎన్నో యుగాల తర్వాత ఆ దిక్కు నేల నొక్కుకుపోయి హిమాలయాలు లేచినప్పుడు ఆ పల్లాలు కూడా వాటిలో ఇరుక్కొని పైకి లేచాయి. నేలను నొక్కితే అది కొత్తగా ఎక్కడో విరగడం కంటే, ముందే విరిగి ఉన్నచోట కదలడం తేలిక. ఒకప్పుడు కిందికి జారిన చీలిక మీదనే మళ్లీ వెనక్కి, పైకి ఎక్కుతుంది. కొండ ఎక్కడ మడతపడాలో, ఎటు వంగాలో చాలావరకు ఆ పాత చీలికే తేల్చేస్తుంది.

అక్క ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నది. "పెట్టెల పెట్టిన పట్టుచీర లెక్కనా? ఎన్ని తీర్ల మడిచినా పాత గీత మీదికే పోతది," అంది. క్లాసులో నేను ఎన్నడూ అంత బాగా చెప్పలేదు.

నల్లరాయి నున్నటి మొహం మీద వెలుతురు ఏటవాలుగా పడేటట్టు ఇంకో ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. దాని మీద రెండు రకాల గీతలున్నాయి. పాతవి నేల కిందికి జారినప్పటివి, తెల్లటి పొర కట్టి మసకబారి ఉన్నాయి. వాటిని కొట్టేస్తూ కొత్తవి, పైకి ఎక్కినప్పటివి. ఒకే చీలిక రెండు కాలాల్లో రెండు దిక్కులకు కదిలిందని ఆ రాయి మీద రాసిపెట్టి ఉంది. సొరంగం కంపెనీ పటంలో అక్కడ చీలికే లేదని, 'విరిగిన రాయి' అని రెండు మాటలు రాసి వదిలేశారని బావ చెప్పాడు. నాకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు, సంతోషంతో.

జులై అంతా ఆ సంతోషంలోనే గడిచింది. వానలు పట్టుకున్నాయి. చంద్రపూర్ నుంచి వచ్చే బస్సులో కూర్చొని బావ పంపిన లోతులు, రాళ్ల వాలు నోట్‌బుక్‌లో వేసుకునేదాన్ని. ఇంకా కావాలని అడిగేదాన్ని. జోరువానలో, డ్యూటీ అయిపోయాక, మొండయ్య గొడుగు పడితే బావ ఫోటోలు తీసేవాడట. నెలాఖరుకు మూడు బోర్ల లెక్క నా దగ్గర చేరింది. కలిపి గీస్తే బొమ్మ తేలింది. చీలిక ఇవతల కొండ పొరలు మామూలుగా వాలి ఉన్నాయి. చీలిక దగ్గరికి రాగానే నిట్టనిలువుగా లేచి ఒరిగిపోయాయి. చీలిక అవతల మందమైన ఇసుకరాయి ఉంది. ఆ ఇసుకరాయికీ సొరంగం తవ్వుతున్న రాయికీ నడుమ నల్లపిండి ఒక గోడలా నిలబడి ఉంది.

ఆ బొమ్మను బాపుకు చూపించాను. పొగడుతాడనుకున్నాను. బాపు వేలితో ఇసుకరాయి మీద కొట్టి, "గిది తడిగ ఉంటదా?" అని అడిగాడు.

ఉంటుందన్నాను. పైన కొండ, కొండ మీద ఏడాదిలో సగం వాన. ఆ ఇసుకరాయి నీళ్లు తాగి ఉంటుంది, నల్లపిండి వాటిని ఇవతలికి రానివ్వక ఆపి ఉంటుంది.

"సొరంగం ఎటు పోతది?"

వేలితో చూపించాను. సూటిగా దానిలోకే.

అప్పటిదాకా ఆ బొమ్మలో మనుషులు ఉన్నట్టు నాకు తోచలేదు. బావకు ఫోన్ చేసి, సొరంగం ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఇంకో నెలలో నల్లరాయి దగ్గరికి వస్తుందన్నాడు. ముందుకు బోరు వేసి చూసుకుంటున్నారా అంటే, అంత టైము లేదు, రోజూ పేల్చుకుంటూ పోతున్నారన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సొరంగం కంపెనీ పెద్ద ఇంజనీరుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. బాపు నా వెనక కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. సాస్తిలో ఒకసారి బొగ్గు పొర ఉన్నట్టుండి తెగిపోయి ఫాల్ట్, అంటే ఇట్లాంటి చీలికే, తగిలినప్పుడు జరిగింది చెప్పాడు. అక్కడ సన్న బోరు వేస్తుంటే నీళ్లు తన్నుకొచ్చాయి. బోరు నోటికి ముందే పైపు దిగ్గొట్టి వాల్వు బిగించి ఉన్నందుకు తిప్పి మూసేశారు. బాపుతో కలిపి పదకొండు మంది నడుచుకుంటూ బయటికి వచ్చారు.

"బోరు ఎయ్యమని రాస్తే సాలదు," అన్నాడు. "వాల్వు లేని బోరు ఎయ్యద్దని రాయి. బోరు ఎయ్యకపోతేనన్న గోడ ఆగుతదేమో గని, ఉత్త బోరు ఏస్తే మనమే తొవ్వ సూపెట్టినట్టు."

రాస్తానన్నాను. రాశాను కూడా. ఉత్తరం ఇంగ్లీషులో ఒక పేజీ దాటి, రెండో పేజీ మీదికి మూడు లైన్లు పోయింది. ఆఫీసర్లు రెండో పేజీ తిప్పరు అని మా ప్రొఫెసర్ ఎప్పుడూ అనేవారు. ఏది తీసేయాలా అని చూశాను. గీతల గురించి రాసింది తీయబుద్ధి కాలేదు. మడత గురించి రాసింది తీయబుద్ధి కాలేదు. వాల్వు మాట ఏ ఇంజనీరుకైనా తెలిసిందే, నేను చెబితే నవ్వుతారు అనిపించింది. దాన్ని తీసేశాను. ఉత్తరం ఒక్క పేజీలో ఇమిడింది, మెయిల్‌లో పంపేశాను. బాపు అప్పటికి కుర్చీలోనే నిద్రపోయాడు.

పన్నెండు రోజులు జవాబు లేదు. ఫోటోలు బయటికి ఇచ్చింది ఎవరని బావను పట్టుకుంటారేమోనని అక్క రోజూ నన్ను సాధించింది. పదమూడో రోజు బావ ఫోన్ చేశాడు. ఇంజనీరు పిలిపించి, ఈమె ఎవరని అడిగాడట. నా మరదలు, ఫోటోలు నేనే పంపిన అని బావ ఒప్పుకున్నాడట. ఇక పని పోయినట్టే అనుకొని నిలబడితే, ఆయన ఉత్తరం మొత్తం హిందీలో బావకు చదివి వినిపించి, ఇందులో విషయం ఉందన్నాడట. పని ఒక్క షిఫ్టు ఆపుతాను, అంతకంటే ఆపలేను, ఆ షిఫ్టులో అరవై మీటర్లు ముందుకు ఒక బోరు వేసి చూద్దాం అన్నాడట. రాయి తెలిసినవాడివి, నువ్వే వెయ్యి అని బావను, మొండయ్యను కొండ మీది నుంచి సొరంగంలోకి మార్చాడు.

బావ గొంతులో గర్వం వినిపించింది. మొండయ్య ఫోన్ అందుకొని, నా పుణ్యాన వానలో తడిసే పని తప్పిందని, ఇక నీడపట్టున పని అని నవ్వాడు. మర్నాడు ఇంజనీరు నుంచి నాకు రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మీ సూచన ప్రకారం ముందస్తు బోరు వేస్తున్నాం, ధన్యవాదాలు అని. రాజురా చౌక్‌లో పాలకోవా పేడాలు కొని ఇంటికి తీసుకెళ్లాను. ఈసారి ఇంటర్వ్యూలో కొత్తగా ఏముందని అడిగితే చూపించడానికి ఇది చాలు అనుకున్నాను. బాపు పేడా నోట్లో వేసుకొని, ఇనేటోళ్లు కూడా ఉంటరన్నమాట అన్నాడు.

ఎడ్ల పండుగ పోళా నాడు మధ్యాహ్నం కొమ్ములకు రంగులేసిన ఎడ్లు మా వీధిలోంచి పోతున్నాయి. అక్క కూతురిని ఎత్తుకొని గుమ్మంలో నిలబడి చూపిస్తోంది. అక్క ఫోన్ మోగితే నేను ఎత్తాను. బావతో పని చేసే ఒక బిహారీ కుర్రాడు. సొరంగంలో నీళ్లు పడ్డాయి, ఎల్లేష్ భయ్యా ఆస్పత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు అన్నాడు. మొండయ్య? అని అడిగాను. ఇంకా దొరకలేదన్నాడు.

జరిగింది ముక్కలు ముక్కలుగా తెలిసింది. నల్లపిండిని దాటి బోరు ఇసుకరాయిలోకి దిగిందో లేదో, నీళ్లు రాడ్లను వెనక్కి తన్నాయి. బావ మిషన్‌కు ఒక పక్కన, లివర్ దగ్గర ఉన్నాడు. మొండయ్య వెనక ఉన్నాడు. రాడ్లు తుపాకీ గుండ్లలా పోయి అతని మీద పడ్డాయి. చేతి మందం ఉన్న ఆ బోరు కంత కళ్లముందే వెడల్పయి, చుట్టూ ఉన్న గోడ నల్లటి బురదై కూలి, మిషన్‌ను కూడా తోసుకుంటూ వచ్చింది. బావను ఆ బురదే వంద మీటర్ల అవతల ఒక ట్రాలీ కిందికి నెట్టింది. ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది, పక్కటెముకలు నాలుగు.

మూడో రోజు బావ ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడగలిగాడు. అక్క ఏడుస్తుంటే బాపు ఫోన్ తీసుకున్నాడు. ఎట్లున్నవని అడిగి, తర్వాత ఒక్కటే అడిగాడు, వాల్వు ఉండెనా అని. అవతలి నుంచి జవాబు నాకూ వినిపించింది.

"లేదు మామా. షిఫ్టు అయిపోతదని తొందర పెట్టిరి. ఉత్త బోరే ఏసినం."

బాపు ఫోన్ అక్కకు ఇచ్చేశాడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు రాసినవు గద బిడ్డా?"

"రాసిన బాపు," అన్నాను.

తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నిజం చెప్పడానికి నాకు చాలా రోజులు దొరికాయి. ప్రతి రోజూ ముందటి రోజుకంటే కష్టమైంది.

మొండయ్య ఆరో రోజు దొరికాడు. రెండు విమానాలు, ఒక అంబులెన్స్ మారి లక్కడ్‌కోట్ చేరాడు. పెట్టె తెరవవద్దని చెప్పారు, తెరవలేదు. బావ ఆ తర్వాత నాలుగు రోజులకు పిండికట్టుతో ఇల్లు చేరాడు. మనిషి సగమయ్యాడు. కూతురు దగ్గరికి వస్తే కుడిచేత్తో తల నిమిరి ఊరుకునేవాడు.

మర్నాడు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే గడప దగ్గర పిలిచాడు.

"నలబై ఒకటో మీటరు కాడ నల్లపిండి తగిలింది," అన్నాడు. "నలబై ఆరు దాక గదే. ఆ ఎనుకనే ఇసుకరాయి. నువ్వు గీసిన తీరుగనే ఉన్నది. రాసుకుంటవేమోనని యాదుంచుకున్న."

అట్లా చెప్పి నా ముఖంలోకి చూశాడు, నాకు కావలసింది తెచ్చి ఇచ్చినవాడిలా. బస్టాండుకు నడుస్తూ ఉంటే నా తలలో ఆ అయిదు మీటర్లు వాటంతట అవే బొమ్మలో చోటు వెతుక్కున్నాయి. చీలిక వాలు నేను అనుకున్నదానికంటే కొంచెం నిటారుగా ఉన్నట్టు తేలింది. ఆ రోజు బస్సులో నోట్‌బుక్ తెరవలేదు.

మొండయ్య దినాల నాడు బాపు, బావ, నేను లక్కడ్‌కోట్ వెళ్లాం. అక్క పాపతో ఇంట్లో ఉండిపోయింది. ఆ ఇంట్లోకి అడుగు పెట్టగానే తెలిసింది, ఊరి మాట బావ మీదికి పోయిందని. తీసుకపోయింది ఎల్లేషే, బోరు వేసింది ఎల్లేషే, బతికి వచ్చింది ఎల్లేషే. కంపెనీ నుంచి వచ్చిన మనిషి కూడా, సలహా ఇచ్చిన ప్రకారమే బోరు వేశాం, వేయడంలో ఆపరేటర్‌దే పొరపాటు అయి ఉండవచ్చు అని చెప్పి పోయాడట. బావ చాప మీద తల వంచుకొని కూర్చున్నాడు. ఎవరూ అతనికి నీళ్లు ఇవ్వలేదు. మొండయ్య భార్య సాయమ్మ గోడకు ఆనుకొని ఉంది. పక్కనే ఆమె అత్త, మొండయ్య తల్లి.

బాపు గొంతు సవరించుకున్నాడు. తన అల్లుడి తప్పు లేదని, మా బిడ్డ ముందే అన్నీ రాసి పంపిందని, కంపెనీ వాళ్లే సగం విని సగం వదిలేశారని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గా ఉత్తరం ఫోన్ల ఉంటది గద బిడ్డా. సాయమ్మకు చదివి ఇనిపియ్యి. తెలుగుల చెప్పు."

ఫోన్ తీశాను. ఒక్కొక్క వాక్యం చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నల్లరాయి సంగతి, గీతల సంగతి, పాత చీలిక చుట్టూ కొండ ఎట్లా మడతపడిందో ఆ సంగతి. అవతల ఇసుకరాయిలో నీళ్లున్నాయని. పేల్చేముందు తప్పకుండా బోరు వేసి చూడండి అని. అక్కడితో అయిపోయింది. కింద నా పేరు, ఫోన్ నంబరు. అందరూ నన్నే చూస్తున్నారు. బాపు ఇంకా అయిపోలేదన్నట్టు చూస్తున్నాడు.

నా నంబరు మీద చూపు ఆపి చదివాను.

"బోరు నోటికి పైపు బిగించి వాల్వు పెట్టండి. వాల్వు లేకుండా బోరు వేస్తే మనుషుల ప్రాణాలు పోతాయి."

బావ తల ఎత్తాడు. ఆ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా హిందీలో విన్న మనిషి అతనొక్కడే. నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత తన పిండికట్టు వైపు చూసుకొని ఊరుకున్నాడు. ఎవరో లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టారు.

సాయమ్మ ముఖం తుడుచుకొని మొదటిసారి నాతో మాట్లాడింది.

"గా ఆఖరు మాట ఇంకోపారి చదువు చెల్లె. మా అత్తకు ఇనపడలే."

ముసలమ్మ ముందుకు వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను మళ్లీ చదివాను, ఈసారి కొంచెం గట్టిగా.